మనం లేనప్పుడు అక్కడ ఏం జరుగుతోంది?

అందరికీ నమస్కారం. ఆటల రూపకల్పన చదువుతున్న మీతో మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు, ఏ విషయం మీద అని నేను అడగలేదు. ఎన్నో ఏళ్లుగా నా మనసులో నలుగుతున్న ప్రశ్న ఒకటే. అదే ఈరోజు మీ ముందు పెడతాను. ఆన్‌లైన్ గేమ్ ఏ దగ్గర ఆటగా ఆగిపోతుంది, ఏ దగ్గర లోకం అవుతుంది?

ముందు ఒక దీపం సంగతి చెప్పాలి.

నేను మొదటిసారి అడుగుపెట్టిన ఆన్‌లైన్ లోకంలో బొమ్మలు లేవు. అన్నీ అక్షరాలే. నల్లటి తెర మీద నాలుగు వాక్యాలు కనిపించేవి. మీరు వంతెన దగ్గర ఉన్నారు, ఉత్తరాన సొరంగం, పడమట గుడిసె, కింద ఏరు. ఉత్తరం అని టైపు చేస్తే సొరంగంలోకి వెళ్తాం. దీపం లేకుండా వెళ్తే చీకటిగా ఉంది అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ కనిపించదు. ఒకరోజు నానా తిప్పలు పడి ఒక దీపం సంపాదించాను. వంతెన దాకా వచ్చేసరికి టెలిఫోన్ లైను తెగిపోయింది. లైను తెగినవారి చేతిలో ఉన్న వస్తువులు అక్కడే నేల మీద పడిపోవాలన్నది ఆ లోకపు నియమం.

మర్నాడు లాగిన్ అయి చూస్తే దీపం లేదు. అది పడిన చోట ఒక చీటీ ఉంది. 'దీపం నేను తీసుకువెళ్తున్నాను, పని అయ్యాక పడమటి గుడిసెలో పెడతాను' అని రాసి ఉంది. కింద నేనెప్పుడూ వినని పేరు. గుడిసెకు వెళ్లాను. దీపం అక్కడే ఉంది. నూనె కూడా నిండుగా ఉంది.

నా పని అయ్యాక నేనూ దాన్ని గుడిసెలోనే పెట్టి చీటీ రాశాను. తర్వాత ఇంకెవరో మరో దీపం తెచ్చి పక్కన పెట్టారు. కొన్ని నెలలు గడిచేసరికి అందరూ దాన్ని దీపాల గుడిసె అని పిలవసాగారు. ప్రోగ్రాములో ఆ పేరు ఎక్కడా లేదు. ప్రోగ్రాముకు తెలిసింది పడమటి గుడిసె మాత్రమే. కొత్తగా చేరినవారు, మొదటి దీపం కథ ఏమీ తెలియనివారు, 'దీపాల గుడిసెకు దారి ఎటు?' అని అడిగేవారు. ఆ ప్రశ్న మొదటిసారి తెర మీద చదివినప్పుడు నా ఒళ్లు గగుర్పొడిచింది.

నేను నిద్రపోతున్న సమయంలో, నాకు తెలియని మనిషి ఒకరు అక్కడ చీకట్లో నడిచారు. నా పొరపాటు వారికి వెలుగయింది. వారి మర్యాద నాకు అలవాటయింది. ఆ అలవాటు మా ఇద్దరినీ దాటి, మా పేర్లు కూడా తెలియనివారికి ఒక ఊరి గుర్తయింది. ఈరోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ చిన్న సంఘటనలోనే ఉంది. మిగతాదంతా దాన్ని విడమరచి చెప్పడమే.

ఈ చరిత్ర ఎక్కడ మొదలయిందో కొంచెం చూద్దాం. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి, చాలామంది కలిసి ఆడే అక్షరాల లోకం ఒకటి, మడ్ అనే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టారు. తర్వాత రిచర్డ్ బార్టిల్ దాన్ని అందిపుచ్చుకుని పూర్తి చేశారు. ఇప్పటి భారీ ఆన్‌లైన్ లోకాలకు వంశవృక్షం గీస్తే చాలా కొమ్మలు ఆ వేరు దగ్గరికే చేరతాయి. లోకం అనడానికి ఏమేం ఉండాలో బార్టిల్ తర్వాతి కాలంలో స్పష్టంగా చెప్పారు. మనుషుల ప్రమేయం లేకుండా తమంతట తాము నడిచే నియమాలు ఉండాలి. ఆడేవారికి లోపల ఒక రూపం, ఒక ఉనికి ఉండాలి. చేసిన పనికి ఫలితం అప్పటికప్పుడే కనబడాలి. ఆ చోటు అందరికీ ఉమ్మడిగా ఉండాలి. మనం వెళ్లిపోయాక కూడా అది ఎంతో కొంత కొనసాగాలి.

చివరి షరతులో 'ఎంతో కొంత' అన్న మాటను పట్టుకోండి. బార్టిల్ ఊరికే వేసిన మాట కాదది. ఎందుకంటే మొట్టమొదటి మడ్ రోజుకు ఎన్నోసార్లు మళ్లీ మొదటికి వచ్చేది. నిధులన్నీ ఎవరో ఒకరు ఏరుకుపోయాక తలుపులు మూసుకుని, నిధులు తిరిగి పాత చోట్లకు చేరి, లోకం కొత్తగా తెరుచుకునేది. మరి దాన్ని లోకం అని ఎలా అంటాం? మనుషులు మొదటికి వచ్చేవారు కాదు కాబట్టి. మీ పాత్ర సంపాదించిన అంతస్తు నిలిచేది. నిన్న మీరు ఎవరిని మోసం చేశారో, ఎవరిని కాపాడారో వారికి గుర్తుండేది. రాళ్లూ చెట్లూ మరిచిపోయినా మనుషులు మరిచిపోలేదు. కొనసాగడం అంటే సర్వర్ డిస్కు మీద ఉండే సమాచారం మాత్రమే అనుకునేవారు ఈ మొదటి లోకాన్ని ఒకసారి తలచుకోవాలి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. వంద మంది ఒక దీవి మీదికి దూకుతారు. ఆయుధాలు ఏరుకుంటారు. ఆడే చోటు క్రమంగా కుంచించుకుపోతుంది. అరగంటలో ఒకరు మిగులుతారు. వెంటనే దీవి మాయం. మళ్లీ లాబీ అనే నిరీక్షణ గది, మళ్లీ అదే దీవి, నిన్న మీరు పగలగొట్టిన కిటికీ ఈరోజు చెక్కుచెదరకుండా ఉంటుంది. అది చాలా మంచి ఆట. నేనూ ఇష్టంగా ఆడతాను. కిటికీ మళ్లీ అతుక్కోవడం దానికి అవసరం కూడా, ఎందుకంటే పోటీలో అందరూ ఒకే గీత దగ్గర మొదలుకావాలి. చదరంగం బల్ల మీద నిన్నటి ఆటలో పోయిన గుర్రం ఈరోజు లేకపోతే ఆటే సాగదు. కానీ సరిగ్గా ఆ కారణం వల్లే దాన్ని లోకం అనలేం. అక్కడ ఆలస్యంగా వచ్చినవారంటూ ఎవరూ ఉండరు. అందరూ ఒకేసారి పుడతారు, దీవితో పాటే అందరి కథా ముగిసిపోతుంది.

వైశాల్యం సంగతి, బొమ్మల నాణ్యత సంగతి నేను ఎక్కువ మాట్లాడను. ఎన్ని మైళ్ల నేల ఉన్నా, గడ్డిపోచ మీద మంచు బిందువు ఎంత నిజంగా మెరిసినా, పాజ్ బటన్ నొక్కగానే సూర్యుడు ఆగిపోయే చోటు ఒక్కరి కోసం వేసిన రంగస్థలం. అందులో అద్భుతమైన కథ ఉండవచ్చు. ఇరుగుపొరుగు మాత్రం ఉండరు.

1997లో విడుదలైన అల్టిమా ఆన్‌లైన్ దగ్గర కాసేపు ఆగాలి. దాన్ని తయారుచేసినవారికి ఒక గొప్ప ఊహ ఉండేది. జంతువులకు ఆకలి ఉంటుంది. కుందేళ్లు గడ్డి తింటాయి, తోడేళ్లు కుందేళ్లను తింటాయి. కుందేళ్లు తగ్గిపోతే తోడేళ్లు ఆకలితో ఊళ్ల మీద పడతాయి. ప్రకృతి తనంతట తాను నడుస్తుంది. కాగితం మీద చక్కగా ఉన్న ఈ ఏర్పాటు, విడుదలకు ముందు జరిపిన పరీక్షల సమయంలో వేలమంది లోపలికి రాగానే కుప్పకూలింది. కదిలే ప్రతిదాన్నీ ఆటగాళ్లు చంపేశారు. అవి పుట్టే వేగం కన్నా చచ్చే వేగం ఎక్కువైంది. అంత శ్రమపడి అల్లిన జీవావరణాన్ని చివరికి తీసివేయాల్సి వచ్చింది. చాలామంది దీన్ని వైఫల్యం అంటారు. అది నిజమే. కానీ ఆ వైఫల్యం ఒక లోకంలో మాత్రమే సాధ్యం. ఒకరు చంపిన కుందేలు ఇంకొకరికి దొరకని చోటే కరవు వస్తుంది.

అదే సంవత్సరం ఆగస్టులో, ఇంకా పరీక్షల దశలో ఉండగానే, ఆ లోకపు రాజు చనిపోయాడు. ఆ రాజు పాత్రను నడుపుతున్నది సృష్టికర్త రిచర్డ్ గారియట్ స్వయంగా. ఆయన పాత్రకు చావు లేకుండా ఒక ఏర్పాటు ఉండేది. సర్వర్ ఆగి మళ్లీ మొదలయ్యాక ఆయన దాన్ని తిరిగి పెట్టుకోవడం మరిచిపోయారు. గుంపులో ఒక ఆటగాడు మంటలు పుట్టించే మంత్రం ప్రయోగించాడు. రాజు కూలిపోయాడు. అప్పుడు అక్కడ ఉన్నవారు ఇన్నేళ్లయినా ఆ క్షణాన్ని కళ్లకు కట్టినట్లు చెబుతారు. ఎవరూ రాయని సన్నివేశం అది. దాన్ని వెనక్కు తిప్పి మళ్లీ ఆడే వీలు లేదు కాబట్టే అది చరిత్ర అయింది.

ఇక రక్తపు శాపం కథ. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ లోకం 2004 నవంబరులో మొదలైంది. 2005 సెప్టెంబరులో అందులో కొత్త గుడి ఒకటి తెరిచారు. ఇరవై మంది బృందంగా లోపలికి వెళ్లి హక్కార్ అనే దేవుడితో పోరాడాలి. ఆ గుడి ఇన్‌స్టెన్స్ పద్ధతిలో ఉంటుంది, అంటే ఒక్కో బృందానికి విడిగా ఒక్కో నకలు. బయటి నేలకు దానితో సంబంధం లేదు. హక్కార్ ఒక శాపం పెడతాడు. ఒళ్లు క్షీణిస్తుంది, దగ్గరున్నవారికి అంటుకుంటుంది. బలవంతులకు అది తట్టుకోగలిగిన దెబ్బే. శాపం గుడి గోడల మధ్యే ఉండిపోవాలని రూపకర్తల ఉద్దేశం.

వేటగాళ్ల పెంపుడు జంతువులను వారు మరిచిపోయారు. శాపం తగిలిన జంతువును యజమాని పక్కకు పంపేస్తే దాని ఒంట్లో శాపం అలాగే ఉండిపోయింది. తర్వాత నగరం నడిబొడ్డున మళ్లీ పిలిచినప్పుడు అది శాపంతో సహా వచ్చింది. నగరంలో మనుషులు కాక ప్రోగ్రామే ఆడించే దుకాణదారులకు అంటుకుంది. వారు చావరు. లక్షణాలూ కనబడవు. కానీ వచ్చిపోయే ప్రతి ఒక్కరికీ అంటిస్తారు. కొత్తగా చేరిన బలహీనమైన పాత్రలు క్షణాల్లో కూలిపోయాయి. వీధుల నిండా అస్థిపంజరాలు. కొందరు వైద్యం తెలిసినవారు పరుగున వచ్చి తోటివారిని నయం చేయడానికి నిలబడ్డారు, అలా నిలబడడం వల్లే వ్యాధి ఇంకా కొన్నాళ్లు బతికింది. కొందరు ఊరు వదిలి అడవులకు పారిపోయారు. కొందరు కావాలనే అంటించుకుని ఇంకో నగరానికి మోసుకెళ్లారు. నిర్వాహకులు పెట్టిన నిర్బంధాలు నిలబడలేదు. చివరికి సర్వర్లను తిరిగి మొదలుపెట్టి, ప్రోగ్రామును సవరించాకే శాపం పోయింది. 2007లో ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అనే పరిశోధకులు ఈ సంఘటన నుంచి అంటువ్యాధుల అధ్యయనం ఏం నేర్చుకోవచ్చో ఒక వైద్య పత్రికలో రాశారు.

మీలో రూపకర్తలు కాబోతున్నవారు ఈ కథలో ఒక్క విషయం గమనించాలని నా కోరిక. గుడి ఆటలా కట్టారు, నగరం లోకంలా కట్టారు. రెండిటి మధ్య ఒక చిల్లు మిగిలింది. అన్నీ గుడి లాంటి నకళ్లే అయి ఉంటే ఈ వ్యాధి వచ్చేది కాదు. పారిపోవడానికి ఊరవతల అంటూ ఉండేది కాదు. చేయి అందించడానికి తోటివారూ ఉండేవారు కాదు.

నకళ్ల పద్ధతి ఎందుకు వచ్చిందో నాకు తెలుసు, దాన్ని నిందించను. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో ఒక అరుదైన రాక్షసుడి కోసం జనం గంటల తరబడి కాచుకుని కూర్చునేవారు. ఉద్యోగం, కుటుంబం ఉన్నవారికి అది నరకం. నకళ్లు ఆ బాధను తీర్చాయి. కానీ ఆ కాచుకునే చోట్ల ఏం జరిగిందో చూడండి. ఆటగాళ్లే వరస జాబితాలు రాసుకున్నారు. ఎవరి తర్వాత ఎవరో మాట తప్పకుండా పాటించారు. వరస తప్పినవారి పేరు సర్వర్ అంతా పాకేది, తర్వాత వారిని ఏ గిల్డ్, అంటే ఆటగాళ్ల సంఘం, చేర్చుకునేది కాదు. ఒక్క నియమం కూడా ప్రోగ్రాము రాసింది కాదు. నకలు వచ్చి వరసను తీసేసింది. వరసతో పాటు ఆ మాటనూ తీసేసింది.

మాట, పరువు, శిక్ష అన్నాం కాబట్టి ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. లాంబ్డామూ అనే అక్షరాల లోకాన్ని 1990లో పావెల్ కర్టిస్ మొదలుపెట్టారు. సాంకేతిక పనులు తప్ప మనుషుల తగవుల్లో తలదూర్చబోమని కొన్నాళ్లకు అక్కడి నిర్వాహకులు ప్రకటించారు. 1993లో ఒకడు ఇతరుల పాత్రలు చేయని పనులను చేసినట్లు చూపించే ప్రోగ్రాము ఒకటి వాడి, అందరూ కూర్చునే గదిలో వారి మీద లైంగిక హింసను వర్ణించాడు. అక్షరాలే కదా అని బయటివారు అనుకోవచ్చు. ఆ పాత్రలను ఏళ్ల తరబడి తమ పేరుగా మోసినవారికి అది నిజమైన అవమానం, నిజమైన కన్నీళ్లు. సభ పెట్టి వాదించుకున్నారు, తీర్పు కుదరలేదు. చివరికి ఒక నిర్వాహకుడు తనంతట తానే ఆ పాత్రను తొలగించాడు. ఆ తర్వాత కర్టిస్ అర్జీలు, ఓటింగ్ ఉండే పద్ధతి పెట్టారు. ఎవరూ పరిపాలించకుండా వదిలేసిన చోట పరిపాలన ఎలా ఉండాలన్న ప్రశ్న బాధితుల నోటి నుంచే పుట్టింది. లోకం కడతామని ముందుకొచ్చేవారు ఈ బాధ్యతను మొదటి రోజే నెత్తిన వేసుకోవాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ. 2003లో మొదలైన స్టార్ వార్స్ గెలాక్సీస్. అందులో యుద్ధం చేసి అలసిన సైనికుడి మనసుకు తగిలిన గాయాలు మందులతో పోవు. ఊళ్లోని పానశాలకు వచ్చి, నృత్యం చేసేవారి ముందు, వాద్యం వాయించేవారి ముందు కాసేపు కూర్చోవాలి. నృత్యం చేసేది ప్రోగ్రాము కాదు, ఇంకో ఆటగాడు. సైనికుడికి తీరిక దొరికింది, కళాకారుడికి శ్రోత దొరికాడు, ఇద్దరికీ మాటలు దొరికాయి. ఆయుధాల సంగతీ అంతే. మంచి తుపాకులన్నీ ఆటగాళ్లు తయారుచేసినవే, వాడితే అరిగిపోతాయి. లోహం నేలలోంచి తవ్వాలి. ఒకచోట దొరికే లోహం గుణాలు ఇంకోచోట ఉండవు, కొన్నాళ్లకు ఆ నిల్వ అయిపోతుంది, సరిగ్గా అలాంటిదే మళ్లీ దొరకదు. ఏ నిల్వ ఎప్పుడు పైకి వచ్చిందో తెలిసిన తయారీదారు దగ్గరికి జనం గ్రహాలు దాటి వచ్చేవారు. తుపాకీని తిప్పి చూస్తే దాని మీద తయారుచేసినవారి పేరు ఉండేది.

ఒక్కసారి కూడా తుపాకీ పేల్చకుండా ఆ లోకంలో ఏళ్లు గడిపినవారు ఉన్నారు. నా దృష్టిలో ఇదే గట్టి పరీక్ష. మీ లోకంలో గెలవడానికి రానివారికి చోటు ఉందా? వారు లేకపోతే మిగతావారికి లోటు తెలుస్తుందా?

2005 నవంబరులో ఒక మార్పు తెచ్చారు. ముప్పైకి పైగా ఉన్న వృత్తులను తొమ్మిదికి కుదించారు. కొత్తవారికి తేలికగా ఉండాలన్నది ఉద్దేశం. ఏళ్ల తరబడి జంతువులను మచ్చిక చేసుకుంటూ బతికినవారు మర్నాడు లాగిన్ అయి చూస్తే వారి వృత్తే లేదు. చాలామంది వెళ్లిపోయారు. 2011 డిసెంబరు 15న సర్వర్లు ఆపేశారు. ఆటకు అప్‌డేట్ ఇవ్వడం వేరు, ఊళ్లో జనం బతుకుదెరువును మార్చడం వేరు. తాము చేస్తున్నది రెండోదని తెలియకుండా చేసిన పని అది.

గుర్తుంచుకోవడం తెలిసిన లోకం ఒకటి చెబుతాను. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష లోకంలో 2014 జనవరి 27న ఒక కూటమి తన అధీనంలోని నక్షత్ర మండలానికి కట్టాల్సిన రుసుము సకాలంలో కట్టలేదు. దాని మీద హక్కు పోయింది. శత్రువులు వచ్చిపడ్డారు. వేలమంది ఒకేచోటికి చేరడంతో సర్వర్ తట్టుకోలేక కాలాన్ని మామూలు వేగంలో పదో వంతుకు తగ్గించింది. 21 గంటలు యుద్ధం సాగింది. టైటాన్లనే అతి పెద్ద నౌకలు 75 నాశనమయ్యాయి. నష్టం విలువ నిజమైన డబ్బులో 3 లక్షల డాలర్లు ఉంటుందని అంచనా వేశారు. వార్తలన్నీ ఆ డబ్బు గురించే మాట్లాడాయి. నన్ను కదిలించింది వేరు. యుద్ధం ముగిశాక ఆ చోట కూలిన నౌకల శిథిలాలను శాశ్వతంగా ఉంచారు. ఆ రోజుకు ఇంకా అకౌంట్ కూడా లేనివారు తర్వాత ఎప్పుడో ఆ దారిన వెళ్తూ వాటి మధ్య ఆగి చూడగలిగారు.

నేను బతికిన లోకానికి అలాంటి చోటు లేదు. దీపాల గుడిసె ఉన్న ఆ లోకాన్ని నడిపినవారు, పేరు చెప్పను, నెల ముందు నోటీసు ఇచ్చి ఆపేశారు. చివరి రాత్రి వంతెన దగ్గర ముప్పై మందిమి ఉన్నాం. మొదటి చీటీ రాసిన మనిషి కూడా వచ్చారు. ముఖం ఎలా ఉంటుందో నాకు ఈనాటికీ తెలియదు. గుడిసెలో ఉన్న దీపాలన్నీ తలా ఒకటి తీసుకుని సొరంగంలోకి నడిచాం. చీకటిగా ఉంది అన్న మాట కనబడాల్సిన గదిలో, వరసగా ఒక్కొక్కరి పేరు, దాని పక్కన వెలుగుతున్న దీపం. తెర నిండిపోయి పైకి జరుగుతూ వెళ్లింది. తర్వాత లైను తెగింది. ఈసారి నేల మీద పడినవి తీసుకోవడానికి ఎవరూ రాలేదు. నోటీసులో ఆటను నిలిపివేస్తున్నాం అని రాశారు. ఆట అన్న ఆ పదం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

సమయం అయిపోవచ్చింది. ప్రశ్నలు తీసుకుంటాను.

(దిమ్మెలు పేర్చి కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆట లోకమేనా అని ఒక విద్యార్థిని అడిగారు.)

మంచి ప్రశ్న. మీ కంప్యూటర్‌లో మీరొక్కరే కట్టుకునేది అందమైన ఇసుకగూడు. అదే ప్రోగ్రాము పదిమంది పంచుకునే సర్వర్ మీద నడిస్తే లోకం అవుతుంది. 2010 డిసెంబరులో మొదలై ఇప్పటిదాకా మొదటికి రాని సర్వర్ ఒకటి ఉంది. కొత్తవారు ప్రవేశించే చోటు చుట్టూ ఏళ్ల తరబడి ఎవరెవరో తవ్విన గోతులు, కూల్చిన గోడలు, శిథిలాలే. పుట్టగానే పాతవారి పనుల మధ్య కళ్లు తెరవాలి. ఆ దృశ్యం వికారంగా ఉంటుంది, కానీ అది లోకం కాదని నేను అనలేను.

(చిన్న బృందం ఇలాంటిది కట్టగలదా, ఎక్కడ మొదలుపెట్టాలని మరొకరు అడిగారు.)

మడ్‌ను కట్టింది ఇద్దరు విద్యార్థులు. నేల తక్కువ చేయండి. పది గదులు చాలు. చేతిలోంచి కింద పెట్టగలిగే వస్తువులు, చీటీ రాసుకునే వీలు, మనిషిని మనిషి అడగక తప్పని పని ఒకటి పెట్టండి. ఎవరైనా ఎవరినైనా బాధపెడితే ఎవరితో చెప్పుకోవాలో తెరిచిన రోజే రాసి పెట్టండి. ముప్పై మందిని పిలవండి. తర్వాత నెల రోజులు మీరు లోపలికి వెళ్లకండి. నెల తర్వాత వారు మాట్లాడుకునేది వినడానికి, ముందే అందరికీ చెప్పి, మామూలు పాత్రగా వెళ్లండి. మీ ప్రోగ్రాములో లేని పేరుతో వారు ఏదైనా చోటును పిలుస్తుంటే, ఆ పేరు ఏమిటో నాకు తప్పకుండా రాయండి.